మాల వేసిన మూడో రోజు

నవంబరు తొమ్మిది, శనివారం, ఉదయం తొమ్మిది గంటల పదిహేను నిమిషాలకు ఇది మొదలైంది. మద్యం దుకాణాలు ప్రభుత్వం చేతిలోకి వెళ్ళిన నలభయ్యో రోజు అది. నేను నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోను మోగింది. అవతల నాగమణి.

“మేడమ్, మా ఆయనకి చేతులు వణుకుతున్నాయండి. రాత్రి కన్ను మూయలేదు. పాల గ్లాసు పట్టుకోలేక ఒంటిమీద పోసుకున్నాడు. ఆస్పత్రికి తీసుకురానా అండి?”

“మాల వేసి రెండో రోజే కదా నాగమణీ. కొత్తలో అట్టాగే ఉంటుంది. ఓర్చుకోవాలి. మాల మీద ఉన్నవాణ్ణి ఆస్పత్రుల చుట్టూ తిప్పకు.”

“అంతేనంటారా?”

“అంతే. నాలుగు రోజులు పోతే నువ్వే ఫోను చేసి చెబుతావు, మనిషి మారిపోయాడని.”

బస్సు వచ్చింది, ఎక్కాను. ఆ మాటలకు పట్టింది ఒక నిమిషం నలభై సెకన్లు. ఫోనులో చూసి ఆ తర్వాత డైరీలో రాసుకున్నాను.

నేను ముప్పై అయిదేళ్ళు ఆరోగ్య శాఖలో పనిచేశాను. మొదట ఏఎన్ఎంగా, చివరి పదకొండేళ్ళు సూపర్‌వైజరుగా. ఏ ఏడాది ఏ ఆర్డరు వచ్చింది, ఎక్కడికి బదిలీ అయింది అన్నవి మీకు పనికిరావు. ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి వస్తున్న అమ్మాయిలకు పనికొచ్చేవి నా దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి నేను చేసిన తప్పు. రెండోది దాని తర్వాత ముగ్గురు మనుషులు చేసిన పని. ఆ ముగ్గురి కోసమే ఇది రాస్తున్నాను.

ఫారంలో గడి లేని జబ్బు

మన ఫారాల్లో టీకాలకు గడి ఉంటుంది. కాన్పులకు ఉంటుంది. షుగరుకూ, బీపీకీ ఉంటుంది. నా కాలంలో తాగుడుకు గడి లేదు. గడి లేనిదాన్ని పైవాళ్ళు అడగరు, పైవాళ్ళు అడగనిదాన్ని కిందవాళ్ళు చూడరు.

మద్యం మీద ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాలు చాలా చూశాను. సారా ఆపారు. తర్వాత మొత్తం ఆపారు. మళ్ళీ ఎత్తేశారు. కొన్నాళ్ళు వేలం పాటలు, కొన్నాళ్ళు లాటరీలు, కొన్నాళ్ళు ప్రభుత్వమే అమ్మడం. నేను ఏ పార్టీ మనిషినీ కాను కాబట్టి చూసింది చెబుతాను. దుకాణాలు తగ్గించి, వేళలు కుదించి, అక్కడే కూర్చుని తాగే పర్మిట్ రూములు తీసేసిన ఆ అక్టోబరులో, నా పరిధిలోని అయిదు ఊళ్ళలో సాయంత్రాలు మారాయి. సోమవారం ఉదయం బుగ్గలు వాచి, చెయ్యి బెణికి సబ్ సెంటరుకు వచ్చే ఆడవాళ్ళు తగ్గారు. “గుమ్మంలో జారిపడ్డానండి” అనే మాట వినక మూడు సోమవారాలయింది అని డైరీలో రాసుకున్నాను. దుకాణం దూరమైతే కొందరు మానేస్తారన్నది నిజం. కళ్ళారా చూశాను.

మానలేనివాడి సంగతి మాత్రం ఆ ఆర్డరులో లేదు. అంతకు ముందు ఆర్డర్లలోనూ లేదు. కొందరు సరిహద్దు దాటి కోదాడ వైపు నుంచి సీసాలు తెచ్చుకున్నారు. అది చేతకానివాళ్ళు, లేక చేయడం ఇష్టంలేనివాళ్ళు, ఇక మానేద్దాం అనుకున్నారు. కోటేశ్వరరావు అలాంటివాడు. నాగమణి భర్త. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర బస్తాలు ఎత్తే ముఠాలో కూలీ. పదకొండేళ్ళుగా రోజూ తాగేవాడు. పొద్దున్నే ఒకసారి వేసుకోకపోతే బస్తా భుజానికి ఎక్కేది కాదు.

“రేట్లు మండిపోతన్నాయి మేడమ్. మన వల్ల కాదు. మానేస్తా” అని అతనే వచ్చి అన్నాడు. నాకు పట్టరాని సంతోషం. ఆ శుక్రవారమే భవానీ మాల వేయించాను.

నా పద్నాలుగు పేర్లు

మాల వేయించడం నాకు అలవాటు. తప్పు అక్కడ లేదు, ఇప్పటికీ అదే అంటాను. నలభై ఒక్క రోజులు ఎర్రబట్టలు, నేలమీద పడక, మద్యం మాంసం లేవు. అన్నిటికంటే ముఖ్యం, నిన్నటిదాకా ‘ఒరేయ్’ అన్న ఊరు అతన్ని ‘భవానీ’ అని పిలుస్తుంది. అండీ అంటుంది. ఆ మర్యాద ఏ ఆస్పత్రి మందులోనూ లేదు.

మా దగ్గర ఈ మాలలు వేసే పీఠం నడిపేది సాంబయ్య. వృత్తి దర్జీ పని. ఒకప్పుడు తాగి కుట్టుమిషను అమ్ముకున్న మనిషి. పంతొమ్మిదేళ్ళుగా ముట్టలేదు. తొమ్మిదేళ్ళలో నేను అతని దగ్గరకు పంపినవాళ్ళు పద్నాలుగు మంది. అయిదుగురు ఆ తర్వాత తాగలేదు. ఆరుగురు నలభై రెండో రోజున మొదలుపెట్టారు. ముగ్గురు మధ్యలోనే మాల తీసేశారు. ఆ ముగ్గురి పేర్ల పక్కన ‘నిష్ఠ లేదు’ అని రాశాను. ఎందుకు తీసేశారో అడగలేదు. తీసేసిన తేదీలు మాత్రం రాసుకున్నాను. రాయడం నా అలవాటు. రాసినదాన్ని చదివే అలవాటు ఆ నవంబరు తర్వాత వచ్చింది.

ఆదివారం

రెండో ఫోను పదో తారీఖు ఆదివారం ఉదయం ఆరు ఇరవైకి వచ్చింది. నాగమణి పక్కింటావిడ. “కోటేశ్వరరావుకి అమ్మవారు పూనిందండి. నాగమణి మిమ్మల్ని రమ్మంటంది.” ఆటోలో వెళ్ళేసరికి ఏడూ అయిదు.

వాకిలి నిండా ఎర్రబట్టలు. కర్పూరం వాసన. కోటేశ్వరరావును ఇద్దరు భుజాలు పట్టి కూర్చోబెట్టారు. ఒళ్ళంతా ఊగిపోతోంది. చెమటకు మాల పూసలు ఒంటికి అతుక్కున్నాయి. పంచె మీదనుంచి లేని చీమల్ని ఏరి పారేస్తున్నాడు. చూపు గోడమీద ఉంది.

“ఎర్రచీర... అదుగో దిగతంది” అన్నాడు.

“అమ్మ వచ్చిందర్రా, దారియ్యండి!” అంది ఒక ముసలమ్మ. ఒక రైతు ముందుకొచ్చి చేతులు కట్టుకుని, “తల్లీ, మెట్టచేలో బోరేస్తే నీళ్ళు పడతాయా?” అని అడిగాడు. జనం జవాబు కోసం దగ్గరికి జరిగారు.

నేను కూడా నిలబడ్డాను. చదువుకున్న నర్సుని, గుమ్మం దగ్గర నాలుగు నిమిషాలు చేతులు జోడించి నిలబడ్డాను. నాగమణే వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

“అమ్మవారు కాదు మేడమ్. తెల్లారగట్ల నుంచి నన్ను లోడు దించమంటన్నాడు. ‘లారీ వచ్చింది, బస్తా అందుకో, తడుస్తాయి’ అంటన్నాడు. అమ్మవారు సిమెంటు బస్తాలు దించుద్దా అండీ?”

అంతమందిలో రోగిని రోగిగా చూసింది ఏడో తరగతితో చదువు ఆపేసిన ఆ పిల్ల ఒక్కతే. అప్పుడు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. నాడి నిమిషానికి నూట ముప్పై ఎనిమిది. ఒళ్ళు కాలిపోతోంది. మా పీహెచ్‌సీ డాక్టరు రెహానా గారికి ఫోను చేశాను. చివరి చుక్క ఎప్పుడు తాగాడని అడిగారు. గురువారం రాత్రి అన్నాను.

“నూట ఎనిమిదిని పిలవండి. ఎవరైనా గ్లూకోజు పెడతామంటే ఆపండి. ముందు బి-వన్ విటమిన్ ఇంజెక్షను పడాలి, తర్వాతే గ్లూకోజు. నేను నందిగామ ఆస్పత్రికి వస్తున్నా.”

నందిగామలో చేయవలసినవన్నీ చేసి విజయవాడ పంపారు. దారిలో రెండుసార్లు ఫిట్సు వచ్చాయి. పరిటాల దాటాక పదకొండు యాభైకి ప్రాణం పోయింది. అంబులెన్సులో నాగమణి నా ఎదురుగా కూర్చుంది.

“నిన్న తీసుకొస్తే బతికేవాడా మేడమ్?”

“బతికేవాడే, చాలావరకు.”

“మీరు చెప్పారని ఊరుకున్నానండి” అంది.

మూడు తేదీలు

అంత్యక్రియలు అవకముందే ఊళ్ళో మాట పుట్టింది. మాల వేసిన ఇంట్లో మైల కలిసింది, నాగమణి నియమం తప్పింది, అందుకే అమ్మ కోపించి తీసుకుపోయింది అని. అత్తగారు ఆమె చేతి మంచినీళ్ళు మానేసింది. కూలికి పిలిచే మేస్త్రి పిలవడం మానేశాడు. ఆ పిల్ల ఆ ఊళ్ళో బతకాలి. నా ఒక నిమిషం నలభై సెకన్ల మాటకు ఆమె జీవితాంతం నింద మోయబోతోంది.

సోమవారం రెహానా గారి ముందుకు వెళ్ళాను. తిడతారనుకున్నాను. “మీ డైరీ తెండి” అన్నారు. పద్నాలుగు పేర్లూ చదివించారు. మధ్యలో మాల తీసేసిన ముగ్గురి తేదీలు చూసి వేళ్ళతో లెక్కపెట్టారు. ఒకరు రెండో రోజు. ఇద్దరు మూడో రోజు.

“నిష్ఠ లేక కాదండీ. ఏళ్ళ తరబడి రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా ఆపితే రెండో రోజు, మూడో రోజు ఇలాగే తిరగబడుతుంది. దానికితోడు చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట తిండి. ఈ ముగ్గురూ తాగి ప్రాణం కాపాడుకున్నారు.”

తర్వాత ముగ్గురినీ కలిశాను. ఒకతను నవ్వేశాడు. “ఒక్క గుక్క వేసుకుంటే వణుకు ఆగింది మేడమ్. మీకు చెబితే తిడతారని తప్పించుకు తిరిగా.”

తొమ్మిదేళ్ళుగా ఆ తేదీలు నా సంచిలోనే ఉన్నాయి.

“తప్పంతా నాదేనండి” అన్నాను డాక్టరు గారితో.

“అలా అనుకుంటే మీకు తేలిక. నేను ఇక్కడికొచ్చి రెండేళ్ళయింది. ఏ మగవాణ్ణీ ‘పొద్దున్నే తాగుతావా’ అని అడగలేదు. ఎంత తాగుతావని అడుగుతాం, రాసుకుంటాం. ఎప్పుడు తాగుతావన్నది అడగాలి. లేవగానే కావాలన్నవాడిని ఒక్కసారిగా ఆపించకూడదు.”

నా ముప్పై అయిదేళ్ళలో పదిహేడుమంది డాక్టర్ల కింద పనిచేశాను. తప్పులో తన వాటా తానే అడిగి తీసుకున్నది ఈమె ఒక్కరే.

శుక్రవారం పీఠంలో

తర్వాత శుక్రవారం, నవంబరు పదిహేను, ఉదయం పది గంటలకు ఇద్దరం సాంబయ్య పీఠానికి వెళ్ళాం. రెహానా గారు గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా అని అడిగారు.

“రండమ్మా. అమ్మ దగ్గరకి వచ్చేవాళ్ళని ఆపడానికి నేనెవర్ని?” అన్నాడు సాంబయ్య.

అరవైమందికి పైగా భవానీలు ఉన్నారు. నాగమణిని నేనే తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు జరిగి కూర్చున్నారు. నేను లేచి జరిగింది చెప్పాను. శనివారం ఈ పిల్ల ఆస్పత్రికి తీసుకొస్తానంది, వద్దన్నది నేను, దీనిలో మైలా లేదు కోపమూ లేదు అన్నాను.

“అమ్మకి కోపం లేదని చెప్పడానికి ఆస్పత్రోళ్ళెవరు?” అన్నాడు వెనకనుంచి ఒకాయన.

సాంబయ్య లేచాడు.

“మాల వేసింది నేను. మేడమ్ పంపింది, నేను వేశా. ఇంకో మాట చెబుతున్నా, పంతొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పలా. నేను మానేసినప్పుడు నాకూ చీమలు కనపడ్డాయి. గోడల్నిండా. నాకైతే కుట్టుమిషను కూడా కనపడింది, అమ్ముకున్నది. రాత్రంతా తొక్కతానే ఉన్నానంట. అమ్మ పరీక్ష పెట్టిందనుకున్నా. నెగ్గాననుకున్నా. నేను బతికా, వాడు పోయాడు. అంతే తేడా. ఆ పిల్లని ఎవరన్నా ఒక్క మాటంటే ఈ పీఠం గడప తొక్కొద్దు.”

పేరుమోసిన గురుభవాని తన గొప్పను తానే అందరి ముందూ చెరిపేసుకోవడం నేను చూశాను. అంతకంటే పెద్ద నిష్ఠ నాకు తెలియదు.

అప్పుడే రూలు పెట్టాడు. మాల వేసేముందు డాక్టరమ్మ చీటీ తేవాలి. పొద్దున్నే తాగేవాడు ముందు ఆస్పత్రిలో వారం ఉండి, తర్వాత మాల వేసుకోవాలి. మిగతా తాగేవాళ్ళకు మొదటి అయిదు రోజులు వేడినీళ్ళ స్నానం, రెండు పూటలా భోజనం. డాక్టరు ఇచ్చిన బిళ్ళలు వేళకు వేసుకోవాలి.

“బిళ్ళలు మింగి, వేణ్ణీళ్ళు పోసుకుని చేసేది దీక్షెట్టా అవుద్ది సాంబయ్యా?” అన్నాడు ఇందాకటి ఆయనే.

“నువ్వు షుగరు బిళ్ళ మాల తీసి మింగతన్నావా, ఉంచుకునే మింగతన్నావా?”

అందరూ నవ్వారు.

“మరి అమ్మకి కోపం రాదా?”

“అమ్మతో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు కూర్చో.”

లేచి వచ్చేటప్పుడు ఒక ముసలావిడ నాగమణిని, “నీళ్ళున్నాయా అమ్మా, దాహమేస్తంది” అని అడిగింది. నాగమణి తన సీసా ఇచ్చింది. ఆవిడ అందరూ చూస్తుండగా తాగింది. ఆవిడ నాగమణి అత్తగారు.

దేశమంతా ఒకేసారి

నాలుగు నెలల తర్వాత మార్చిలో, ఉగాది వారంలో, దేశమంతా కరోనాకు తలుపులు మూసింది. మద్యం దుకాణాలకూ తాళం పడింది. ప్రతి ఊళ్ళో రోజూ తాగేవాళ్ళందరూ ఒకే రోజు ఆపేశారు. అడిగి మాల వేసుకున్నవాళ్ళు కాదు, అడగకుండా ఆపబడ్డవాళ్ళు. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో మా రిజిస్టర్లలో లేదు. సాంబయ్య దగ్గర ఉంది. పీఠానికి వచ్చినవాళ్ళ పేర్లు, తాగేవాడైతే పక్కన ఎర్రచుక్క, దర్జీ కొలతల పుస్తకంలో పన్నెండేళ్ళవి రాసి పెట్టుకున్నాడు.

బయటికి రావడానికి వీల్లేదు కాబట్టి ఫోనులో చదివాడు, నేను రాసుకున్నాను. అయిదు ఊళ్ళకు నలభై మూడు పేర్లు. రెహానా గారు బిళ్ళలు, ఇంజెక్షన్లు ముందే తెప్పించి పెట్టారు. రెండో రోజూ మూడో రోజూ నేను, ఇద్దరు ఏఎన్ఎంలు, ఆశా వర్కర్లు ఇల్లిల్లూ తిరిగాం. నలభై మూడు మందిలో వణుకు పట్టినవాళ్ళు పన్నెండు మంది. ఆస్పత్రికి పంపింది నలుగురిని. పోయినవాళ్ళు ఒక్కరూ లేరు.

డైరీలో ఆ మాట రాసి, కింద గీత గీశాను. రెండు రోజుల తర్వాత ఒక ఆశా వర్కరు ఫోను చేసింది. “వెంకాయమ్మ గారికి ఫిట్సంటండి.” వెంకాయమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలీ. ఒళ్ళు నొప్పులకని ఏళ్ళ తరబడి పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం తాగేదట. ఇంట్లోవాళ్ళకు తెలుసు. మాకు తెలియదు. మేం వెళ్ళేసరికి ఆలస్యమైంది. నలభై మూడు పేర్లలో ఒక్క ఆడపేరు లేదు. సాంబయ్య రాయలేదు. డాక్టరు గారు అడగలేదు. నేను, ఆడదాన్ని, అడగలేదు.

మీకు

ఇప్పుడు దుకాణాలు మళ్ళీ ప్రైవేటువాళ్ళవి. వేళలు పెరిగాయి. రేపు మళ్ళీ మారతాయి. దుకాణాలు తగ్గించాలనే నేను అంటాను, ఎందుకంటే ఆ మూడు సోమవారాలు నేను చూశాను. కానీ మూసే తేదీ వేసిన ఆర్డరు మీద మూడో రోజు ఏం చేయాలో కూడా రాసి ఉండాలి. రాయకపోతే మీరు రాసుకోండి. దుకాణం మూస్తారని తెలియగానే బిళ్ళలు తెప్పించండి, పేర్లు తీయండి. ఆడవాళ్ళ పేర్లు కూడా.

పొద్దున్నే తాగుతారా అని అడగండి. భార్యలు మనకు నిజం చెప్పరు, ఇంటి పరువు అనుకుంటారు. మా దగ్గర ఆ ప్రశ్న అడిగేది నాగమణి. ప్రతి కార్తీకంలో మాలలు వేసే రోజున పీఠం గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంటుంది. వచ్చిన ప్రతి ఇల్లాలినీ పక్కకు పిలిచి అడుగుతుంది. ఆమెకు ఎవరూ అబద్ధం చెప్పరు. నేను రిటైరయ్యాక వచ్చిన ఏఎన్ఎం ఆ చీటీలు తీసుకుని రెండో రోజు, మూడో రోజు తిరుగుతోంది. కిందటి కార్తీకంలో నేనూ వెళ్ళి కూర్చున్నాను. నాగమణి నాకు పీట వేసింది. “మీరు రాయండి మేడమ్, నేను అడుగుతా” అంది. రాశాను. పంతొమ్మిది పేర్లు, అందులో మూడు ఆడవాళ్ళవి. పంతొమ్మిది మందీ నలభై ఒకటో రోజు చూశారు.

పోయినవి రాసి ముగిస్తాను.

కోటేశ్వరరావు, ముప్పై ఎనిమిదేళ్ళు, ముఠా కూలీ.

వెంకాయమ్మ, యాభై రెండేళ్ళు, మిరపకాయల కూలీ.

మొదటి ఫోనుకూ రెండో ఫోనుకూ మధ్య, ఇరవై ఒక్క గంటల అయిదు నిమిషాలు.